కెన్ బుకానన్ సంగతి

ఒరే శీనూ,

నీ ఉత్తరం అందింది. పనామా బాక్సర్ రాబెర్టో డురాన్ పాత ఫైట్లన్నీ వరసగా చూస్తున్నావని చదివి సంతోషమేసింది. కానీ అతను మొదటి టైటిల్ గెలిచిన రాత్రి ఎదురుగా నిలబడ్డ మనిషిని ఒక్క వాక్యంలో దాటేశావు చూడు, అది మాత్రం నాకు మింగుడుపడలేదు. స్కాట్లాండ్ వాళ్ళ గళ్ళ చారల టార్టన్ నిక్కరు వేసుకుని రింగులోకి దిగిన ఆ మనిషి కెన్ బుకానన్. లైట్‌వెయిట్‌లో, అంటే 135 పౌండ్ల లోపు బరువు తరగతిలో, నాకు అతని కంటే ఇష్టమైనవాడు లేడురా.

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో 1945లో పుట్టాడు. హెవీవెయిట్ ఛాంపియన్ జో లూయిస్ జీవితం మీద తీసిన సినిమాకి చిన్నప్పుడు వాళ్ళ నాన్న టామీ తీసుకెళ్ళాడట, బాక్సింగ్ పిచ్చి అక్కడే పట్టుకుంది. వృత్తికి వడ్రంగి. 1965లో ప్రొఫెషనల్ అయ్యాడు, 1968లో మారిస్ కల్లెన్‌ని పదకొండో రౌండులో పడగొట్టి బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1970 మొదట్లో మాడ్రిడ్‌లో వెలాస్కెజ్ చేతిలో తొలిసారి ఓడాడు. అంతలోనే అదే ఏడాది సెప్టెంబర్‌లో ప్రపంచ టైటిల్‌కి ఆడే అవకాశం వచ్చింది.

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదువు. ఆ ఫైట్ జరిగింది ప్యూర్టో రికోలోని శాన్ హువాన్‌లో. ఎదురుగా పనామా వాడు ఇస్మాయిల్ లగునా, అప్పటి ఛాంపియన్. పట్టపగలు, ఆరుబయట, వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన ఎండ. చలిదేశం నుంచి వచ్చినవాడు ఆ ఎండలో పదిహేను రౌండ్లు, అంటే విరామాలు కాకుండానే నలభై అయిదు నిమిషాలు, నిలబడి ఆడాలి. నిలబడటమే కాదు, గెలిచాడు. స్ప్లిట్ డిసిషన్, అంటే స్కోరు వేసిన ముగ్గురిలో ఇద్దరు అతని వైపు. ఎడమచేత్తో సూటిగా విసిరే ఆ గుద్దు, లెఫ్ట్ జాబ్, చూస్తే నీకే తెలుస్తుంది: కుట్టుమిషను సూదిలా ఆగకుండా పడుతూనే ఉంటుంది. కాళ్ళు ఎక్కడా అలసినట్టు కనపడవు.

అంత చేసి వస్తే సొంత దేశపు బాక్సింగ్ బోర్డు అతన్ని ప్రపంచ ఛాంపియన్‌గా ఒప్పుకోలేదు! గెలిచింది డబ్ల్యూబీఏ (వరల్డ్ బాక్సింగ్ అసోసియేషన్) టైటిల్, ఆ సంస్థని బ్రిటిష్ బోర్డు గుర్తించేది కాదు, అదీ కారణం. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. అమెరికా వాళ్ళు మాత్రం నెత్తిన పెట్టుకున్నారు. డిసెంబర్‌లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అలీ, బొనావెనా తలపడిన రాత్రే అతను కూడా ఆడి పదువానోని ఓడించాడు. 1971 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలిస్‌లో నవారోని గెలిచి ఇంకో సంస్థ డబ్ల్యూబీసీ (వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్) టైటిల్ కూడా తెచ్చుకున్నాడు. కొన్ని నెలలకే ఆ సంస్థ దాన్ని లాగేసుకుంది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో లగునాతో మళ్ళీ ఆడాడు. కన్ను వాచి మూసుకుపోతుంటే మేనేజర్ ఎడీ థామస్ బ్లేడుతో గాటు పెట్టి వాపు తగ్గించాడు, ఆ కంటితోనే పదిహేను రౌండ్లూ ఆడి గెలిచాడు.

ఇప్పుడు నీ డురాన్ దగ్గరకి వద్దాం. 1972 జూన్ 26, మళ్ళీ గార్డెన్‌లోనే. డురాన్‌కి ఇరవై ఒక్క ఏళ్ళు. మొదటి రౌండులోనే బుకానన్ కింద పడ్డాడు, స్కోరులోనూ వెనకబడ్డాడు, అది నేను కాదనను. ఆ రాత్రి డురాన్ మెరుగ్గా ఆడాడు. కానీ పదమూడో రౌండు ముగిసి బెల్ మోగాక నడుము కింద పడిన ఆ దెబ్బ? మోకాలి దెబ్బని కొందరు, చేతి దెబ్బని కొందరు అంటారు. రిఫరీ లోబియాంకో మాత్రం దెబ్బలో తప్పేమీ లేదని ఫైట్ ఆపేసి డురాన్ చెయ్యి పైకెత్తాడు. బుకానన్ రీమ్యాచ్ అడుగుతూనే ఉన్నాడు, అది ఎప్పటికీ జరగలేదు. ఓడినందుకు కాదు, రెండోసారి ఆడనివ్వనందుకే నాకు బాధ.

ఆ తర్వాత అతని పని అయిపోయిందనుకోకు. ఆర్నెల్లు దాటగానే గ్లాస్గోలో జిమ్ వాట్‌ని పదిహేను రౌండ్లలో ఓడించాడు. ఆ వాట్ 1979లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, గుర్తుందా? 1974లో ఇటలీ వెళ్ళి పుద్దుని వాళ్ళ ఊళ్ళోనే పడగొట్టి యూరోపియన్ టైటిల్ పట్టుకొచ్చాడు. 1975లో టోక్యోలో గట్స్ ఇషిమత్సు చేతిలో పాయింట్ల మీద ఓడాడు. మధ్యలో ఆపేసి, మళ్ళీ మొదలుపెట్టి, 1982 దాకా ఆడాడు. మొత్తం 69 ఫైట్లలో 61 గెలుపులు. డబ్బు నిలవలేదు, మళ్ళీ వడ్రంగి పని చేసుకున్నాడు. 2000లో అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. 2022లో ఎడిన్‌బరోలో విగ్రహం పెట్టినప్పుడు మతిమరుపు జబ్బుతో ఉండి కూడా స్వయంగా వచ్చాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో పోయాడు.

ఆదివారం ఖాళీ చేసుకుని శాన్ హువాన్ ఫైట్ దొరికినంత మేరకు చూడు. పక్కన కాగితం పెట్టుకుని రౌండు రౌండుకీ స్కోరు వెయ్యి. జడ్జీల మాట పక్కన పెట్టు, ఎవరికి ఎన్ని రౌండ్లు ఇచ్చావో నాకు రాయి. అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు.

నీ
రవి