మన ఊరికి మిట్టమధ్యాహ్నం ఎన్ని గంటలకు?

తల్లిదండ్రులకు నమస్కారాలు.

ఈ నెలలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు మధ్యాహ్నం పూట ప్రార్థన జరిగే గచ్చు మీద గుంపుగా నిలబడి ఉండడం చూసి, ఎండలో ఎందుకు నిలబెడుతున్నారని కొందరు తల్లిదండ్రులు అడిగారు. అది శిక్ష కాదు, పాఠమే. ఇసుక నింపిన బకెట్టులో మీటరు కర్రను నిటారుగా నిలిపి, పన్నెండుకు కాస్త ముందు నుంచి ఐదేసి నిమిషాలకొకసారి దాని నీడ కొసన సుద్దముక్కతో గుర్తు పెడుతున్నారు. నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడే మన ఊరికి అసలైన మిట్టమధ్యాహ్నం. ఫిబ్రవరి మధ్యలో తిరుపతిలో అది దాదాపు 12 గంటల 26 నిమిషాలకు వస్తుంది.

గడియారం తప్పు చెబుతోందా అని పిల్లలు అడిగారు. గడియారం చెప్పేది మన ఊరి కాలం కాదు, దేశమంతటికీ కలిపి పెట్టుకున్న కాలం. 1906 నుంచి అమలులో ఉన్న భారత ప్రామాణిక కాలానికి 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారం. మన రాష్ట్రంలో ఆ గీత కాకినాడకు దగ్గరగా పోతుంది. తిరుపతి ఆ గీతకు సుమారు మూడు డిగ్రీలు పడమరగా ఉన్నందున, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున పన్నెండు నిమిషాలు ఆలస్యమవుతాయి. భూకక్ష్య దీర్ఘవృత్తం కావడం, భూమి అక్షం వాలి ఉండడం వల్ల ఈ నెలలో మరో పద్నాలుగు నిమిషాలు కలుస్తాయి. నవంబరు మొదట్లో ఈ రెండో తేడా తిరగబడి, మధ్యాహ్నం 11 గంటల 56 నిమిషాలకే అయిపోతుంది.

రైళ్లు రాకముందు ఏ ఊరి పొద్దు ఆ ఊరిదే. ఆ తరువాత రైల్వేలు మద్రాసు కాలాన్ని పాటించాయి. 1792లో ఏర్పడిన మద్రాసు వేధశాల ఆ కాలానికి ఆధారం. అప్పట్లో మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. తిరుపతి రేఖాంశం మద్రాసు రేఖాంశానికి దగ్గరే కనుక, తిరుపతికీ ఆ కాలానికీ తేడా మూడు నిమిషాలకు కొంచెం పైన మాత్రమే. ప్రామాణిక కాలం వచ్చాక కూడా కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు తమ పాత కాలాలను వదులుకోలేదు.

1884లో వాషింగ్టన్‌లో జరిగిన సమావేశం గ్రీనిచ్ రేఖాంశాన్ని సున్నాగా అంగీకరించినా, ఎవరి కాలం ఎంతన్నది ఆయా దేశాల ఇష్టానికే మిగిలింది. అంత వెడల్పున్న చైనా ఒకే కాలంతో నడుస్తుంది. పక్కనున్న నేపాల్ మనకంటే పావుగంట ముందుంటుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో వ్యాపారానికి వీలుగా ఉండాలని సమోవా 2011లో డిసెంబరు 30వ తేదీని పూర్తిగా వదిలేసి, 29 తరువాత నేరుగా 31లోకి వెళ్లింది. ఆ శుక్రవారం పుట్టినరోజు ఉన్నవారి సంగతేమిటని మా ఏడో తరగతి బాగా చర్చించింది. ఇథియోపియాలో గంటల లెక్క సూర్యోదయ వేళ నుంచి మొదలవుతుంది, మన ఉదయం ఏడు వారికి ఒంటి గంట.

సూర్యోదయం నుంచి లెక్కించడం మన పంచాంగానికీ అలవాటే. రోజుకు అరవై ఘడియలు, ఘడియకు 24 నిమిషాలు. క్యాలెండర్లో బుధవారం రాహుకాలం పన్నెండు నుంచి ఒకటిన్నర అని అచ్చవుతుంది. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే అది అయిదో భాగం, అంటే సరిగ్గా మిట్టమధ్యాహ్నం మొదలవ్వాలి. ఆ లెక్కన ఈ నెలలో మన ఊరికి అది పన్నెండున్నర ప్రాంతంలోనే మొదలు. రాహుకాలాన్ని పాటించడం, పాటించకపోవడం మీ ఇష్టం; భాగహారం నేర్పడానికి మాత్రం ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇప్పుడు సెకను సూర్యుడి మీద ఆధారపడడం లేదు. 1967 నుంచి సీజియం పరమాణువు వెలువరించే ఒక తరంగం 919,26,31,770 సార్లు కంపించే వ్యవధినే సెకను అంటున్నారు. మన దేశ కాలాన్ని ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల పరమాణు గడియారాలతో కాపాడుతోంది.

ప్రయోగం ఈ నెలాఖరు వరకు సాగుతుంది కనుక పిల్లలకు టోపీ, నీళ్ల సీసా ఇచ్చి పంపండి. సూర్యుని వైపు నేరుగా చూడవద్దని మేమూ చెబుతున్నాము, మీరూ చెప్పండి. ఇంట్లో తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మలు ఉంటే ఒక పూట పంచాంగంలో సూర్యోదయం, తిథి ఘడియలు చూడడం నేర్పమని మనవి. అమెరికాలో బంధువులున్న పిల్లలు మార్చి రెండో ఆదివారానికి ముందు, తరువాత ఫోను చేసి అక్కడి సమయం రాసుకు రావాలి. ఆ రోజు అక్కడ చాలా రాష్ట్రాల్లో గడియారాలను గంట ముందుకు జరుపుతారు. ఆగస్టు మధ్యలో మన ఊళ్లో మిట్టమధ్యాహ్నం కర్ర నీడ పూర్తిగా మాయమయ్యే రోజు వస్తుంది, ఆ ప్రయోగం తేదీని జూలై లేఖలో తెలియజేస్తాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు