దాచిపెడితే సస్పెన్స్ కాదు

సంపాదకుల గారికి నమస్కారాలు.

ఆదివారం అనుబంధంలో మళ్లీ మిస్టరీ, సస్పెన్స్, చారిత్రక కథలకు చోటిస్తున్నందుకు ముందుగా నా సంతోషం తెలియజేస్తున్నాను. హనుమకొండలో మేముండే కాలనీలో ఆదివారం మధ్యాహ్నానికల్లా ఆ వారం కథ మీద చర్చ మొదలవుతుంది. పక్కింటి లెక్కల మాస్టారు, లా చదువుతున్న ఆయన మనవరాలు, కింది వాటాలో అద్దెకుండే దంపతులు, నేను, అందరం చదువుతాం. హంతకుడెవరో సగంలోనే పట్టేశామని గొప్పగా చెప్పుకోవడం మాకు సరదా. ఈ మధ్య ఆ సరదా తగ్గింది. పట్టుకోవడానికి కథలో ఏమీ ఉండడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను కోర్టు ఉద్యోగం చేసి, చాలాకాలం బెంచ్ క్లర్కుగా ఉండి, సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. హత్య కేసుల్లో సాక్షులు చెప్పింది వింటూ, కోర్టుకు వచ్చిన వస్తువులకు నంబర్లు వేస్తూ గడిపిన ఉద్యోగం. జడ్జిగారి ముందుకు రాని విషయం మీద తీర్పు రాయడానికి వీల్లేదు. అది నాకు ఒంటబట్టిపోయింది. మిస్టరీ కథలో జడ్జి స్థానం పాఠకుడిది. డిటెక్టివ్ చూసిందల్లా పాఠకుడికీ చూపించాలి. చూపించాక కూడా పాఠకుడు పట్టుకోలేకపోతే అది రచయిత గెలుపు. చూపించకుండా గెలిస్తే అది గెలుపే కాదు.

ఆ మధ్య ఒక గెస్ట్‌హౌస్ హత్య కథ వేశారు. వాన, కరెంటు పోవడం, తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉండడం, అన్నీ బాగా కుదిరాయి. చదువుతుంటే నిజంగానే టెన్షన్ వచ్చింది. తీరా ఆఖరి పేరాలో ఇన్‌స్పెక్టరు జేబులోంచి చనిపోయినవాడి రెండో ఫోన్ తీసి, అందులోని మెసేజ్‌లు చదివి, హంతకుణ్ణి పట్టుకున్నాడు. ఆ రెండో ఫోన్ మాట అంతకుముందు కథలో ఒక్కసారి కూడా రాలేదు. "మనకెందుకు చెప్పలేదట?" అని కింది వాటా ఆవిడ అడిగింది. ఆవిడ ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. కథలో లోపం ఎక్కడుందో సరిగ్గా అక్కడే వేలు పెట్టింది.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడే కథ కూడా మీరే వేశారు. సాదా బైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకునే భూమి అమ్మకం పత్రం, దాని చుట్టూ తిరిగిన కథ అది. ఊళ్లో ఒంటరిగా ఉండే అవ్వ చనిపోతుంది. తన రెండెకరాలూ చాలా ఏళ్ల కిందే నాకు అమ్మిందంటూ మరిది కొడుకు తెల్లకాగితం మీద రాసిన కాగితం పట్టుకొస్తాడు. అవ్వ పేరు పక్కన నిశాని, దాని కింద వేలిముద్ర. సాక్షుల సంతకాలూ ఉన్నాయి. తెలంగాణలో పుట్టి పెరిగిన ఎవరికైనా ఇలాంటి కాగితం మీద ఎన్ని గొడవలు నడిచాయో తెలుసు. రచయిత దాచిందేమీ లేదు. రెండో పేరాలోనే అవ్వ పాలు పోయించుకుని, గోడ మీది క్యాలెండరులో ఆ రోజు గడిలో పెన్నుతో లెక్క రాసుకుంటుంది. పాలవాడితో చిన్న కీచులాట కూడా ఉంది. మేమందరం ఆ కీచులాటకు నవ్వుకుని ముందుకు పోయాం. రాయడం వచ్చిన మనిషి వేలిముద్ర ఎందుకు వేస్తుంది? ఈ ప్రశ్న ఆఖర్న పోస్ట్‌మ్యాన్ నోట వచ్చేదాకా మాలో ఒక్కరికీ తట్టలేదు. మాస్టారి మనవరాలు వెంటనే పేజీ వెనక్కి తిప్పి, ఆ క్యాలెండరు వాక్యం మళ్లీ పైకి చదివింది. వెనక్కి వెళ్లి చదివించిన కథ అది. ఆ రచయితకు నా నమస్కారాలు అందజేయండి.

పోలీసు పరిశోధన గురించి రాసేవాళ్లకు కొన్ని సంగతులు చెప్పాలి. తప్పులు పట్టాలని కాదు, అసలు పద్ధతి తెలిస్తే కథ ఇంకా బిగువుగా వస్తుందని.

మీ కథల్లో ఇన్‌స్పెక్టరు రక్తం అంటిన కత్తిని చేతిరుమాలుతో తీసి జేబులో వేసుకుంటాడు. నిజంగా ఆ కత్తి కోర్టుకు ఎలా వస్తుందో చెప్తాను. దొరికిన చోటే పంచుల ముందు, అంటే సాక్షులుగా పిలిచిన మనుషుల ముందు, పంచనామా రాసి, గుడ్డలో చుట్టి కుట్టి, ముడి మీద లక్క కరిగించి సీలు వేస్తారు. దానికి ఒక చీటీ ఉంటుంది. క్రైమ్ నంబరు, తేదీ, పంచుల సంతకాలు దాని మీద ఉంటాయి. నెలలో ఏళ్లో గడిచాక ఆ పంచు బోనెక్కుతాడు. చీటీ చూపించి "ఈ సంతకం నీదేనా?" అని అడుగుతారు. "సంతకం నాదే సార్, స్టేషన్‌కు పిలిచి పెట్టించుకున్నారు, కత్తి మాత్రం నేను చూడలేదు" అంటాడు. ఆ మాటతో ప్రాసిక్యూటరు గారి గొంతు మారిపోతుంది. అప్పటిదాకా తల వంచుకున్న ముద్దాయి తల ఎత్తుతాడు. గోడ పక్కన బెంచీ మీద చనిపోయినవాడి తల్లి కూర్చుని ఉంటుంది. ఏం జరిగిందో ఆమెకు అర్థం కాదు, అందరి ముఖాల వైపూ చూస్తుంది. ఇది నేను కళ్లారా చూశాను. ఇంతకంటే సస్పెన్స్ ఏ గెస్ట్‌హౌస్‌లో దొరుకుతుంది? కోర్టు హాలు లోపల నడిచే కథ ఒక్కటైనా ఇన్ని వారాల్లో రాలేదు.

సగం కథలు హంతకుడు ఇన్‌స్పెక్టరు ముందు కూలబడి నేరం ఒప్పుకోవడంతో ముగుస్తున్నాయి. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో రుజువు కింద చెల్లదు. పాత సాక్ష్య చట్టంలో అది 25వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షన్. కస్టడీలో ఉన్నవాడు చెప్పిన చోట వెతికితే ఏదైనా దొరికితే, ఆ దొరకడానికి దారి చూపినంత మేరకే అతని మాట పనికొస్తుంది. అంటే ఒప్పుకోలు దగ్గర కథ అయిపోదు, అసలు కథ అక్కడే మొదలవుతుంది. వాడు మర్నాడు కోర్టులో "నేనేమీ చెప్పలేదు" అంటే ఇన్‌స్పెక్టరు చేతిలో మిగిలేది ఏమిటి? ఆ ప్రశ్న చుట్టూ కథ అల్లమనండి, ఎలా చదివిస్తుందో చూడండి. అదే జులై 1 నుంచి జరిగిన హత్యకు పాత ఐపీసీ 302 సెక్షన్ ఉండదు, భారతీయ న్యాయ సంహితలో 103 ఉంటుంది. ఈ ఏడాది జరిగినట్టు రాసిన కథల్లో ఇంకా 302 అనే వేస్తున్నారు. అలాగే "రాత్రి 11 గంటల 20 నిమిషాలకు ప్రాణం పోయింది" అని పోస్టుమార్టం చేసిన డాక్టరు చెప్పడం నేను వినలేదు. 12 నుంచి 24 గంటల ముందు అన్నట్టు ఒక వ్యవధి చెప్తారు. ఆ వ్యవధిలోనే డిఫెన్సు లాయరు దూరేది, రచయిత కూడా దూరవచ్చు.

ఇప్పుడు నాకు బాధ కలిగించిన విషయం. సస్పెన్స్ కథల్లో ఆఖరి మలుపుకు దారి దొరకనప్పుడల్లా హంతకుడికి మానసిక రోగం అంటగడుతున్నారు. మందులు మానేశాడు, గొంతులు వినిపించాయి, చంపేశాడు, కథ కంచికి. మా అక్క కొడుకు స్కిజోఫ్రీనియాకు ఏళ్ల తరబడి మందులు వాడుతున్నాడు. నెమ్మదస్తుడు. ఇంటి కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్ అన్నీ వాడే చూసుకుంటాడు. అలాంటి కథ ఒకటి వచ్చిన వారం అక్క పేపరు మడిచి బీరువా మీద పెట్టేసింది, వాడి కంట పడకుండా. సంబంధం మాట్లాడడానికి వచ్చినవాళ్లు, ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు, ఆఫీసులో పక్క సీటువాళ్లు కూడా ఈ కథలే చదువుతారు. రోగం ఉన్న పాత్ర కథలో ఉండకూడదని నేను అనడం లేదు. ఆ పాత్రకు రోగం ఒక్కటే కాక ఒక పేరు, ఒక పని, ఒక ఇష్టం కూడా ఉండాలి. హత్యకు కారణం ఏమిటో చెప్పలేని రచయిత, కారణం అక్కర్లేని మనిషిని వెతుక్కోవడం అన్యాయం. ఈ విషయంలో మీరు కఠినంగా ఉండాలని చేతులు జోడించి కోరుతున్నాను.

చారిత్రక కథల దగ్గరికి వస్తే, కాకతీయుల కాలం అనగానే మా ఓరుగల్లు వాళ్లకు ప్రాణం లేచొస్తుంది. మొన్నటి కథలో రుద్రమదేవి సైనికుడు కోట గోడ నీడలో కూర్చుని జొన్నరొట్టెలో పచ్చిమిరపకాయ కొరుక్కు తింటాడు. రుద్రమదేవి చనిపోయింది 1289లో. ఓరుగల్లు కోట ఢిల్లీ సైన్యానికి చిక్కింది 1323లో. వాస్కోడగామా కాలికట్‌లో దిగింది 1498లో. మిరప అమెరికా ఖండం మొక్క, పోర్చుగీసు వాళ్ల ఓడల్లో ఆ తర్వాతే మనకు వచ్చింది. టమాటా, బంగాళదుంప, జామ, బొప్పాయి అన్నీ అంతే. అదే కథలో కోట గుమ్మాలకు కట్టిన బంతిపూల తోరణాలు కూడా ఆ దారినే వచ్చాయి. "కథే కదమ్మా, మిరపకాయ దగ్గర ఆగిపోతే ఎట్లా?" అన్నారు మాస్టారు. ఆయన మాటను గౌరవిస్తూనే నేను ఒప్పుకోలేదు. ఆ సైనికుడు మిరియాలో, శొంఠో, ఆవపిండో వేసుకుని తింటే, మిరపకాయే లేని రోజుల్లో మనవాళ్లు కారం ఎలా తిన్నారన్న కుతూహలం ఒక్క వాక్యంతో పుట్టేది. ఆ అవకాశం పోయింది. ఇంకో కథలో గూఢచారి "ఐదు నిమిషాల్లో" వస్తానంటాడు. మనకు ఘడియ ఉంది, జాము ఉంది. ఘడియ అంటే 24 నిమిషాలని పాఠకులకు వివరించక్కర్లేదు, ఆ మాట వాడితే చాలు, కాలం మారిపోయినట్టు తెలుస్తుంది. 1880 ప్రాంతపు మద్రాసులో పోలీసులు వేలిముద్రలతో దొంగను పట్టుకున్న కథ కూడా ఒకటి వచ్చింది. ప్రపంచంలోని తొలి వేలిముద్రల బ్యూరోల్లో ఒకటి పెట్టింది కలకత్తాలో, అది 1897లో. ఆ ముద్రలను వర్గీకరించే పద్ధతికి పాటుపడిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ ఇద్దరూ మన దేశం పోలీసు ఉద్యోగులే. కథను ఓ ఇరవై ఏళ్లు ముందుకు జరిపి ఉంటే వాళ్లే పాత్రలయ్యేవారు.

మన చరిత్రలో మిస్టరీలకు కరువా? నల్లగొండ జిల్లా చందుపట్లలో ఒక శాసనం ఉంది. 1289 నవంబరు నాటిది. చనిపోయిన రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయనికి పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే అతను దేవుడికి భూమి దానం చేశాడు. రాణి ఎలా చనిపోయిందో అందులో లేదు. తిరుగుబాటు చేసిన అంబదేవుడితో జరిగిన యుద్ధంలో ఇద్దరూ కూలి ఉంటారని చరిత్రకారుల ఊహ. వృద్ధురాలైన రాణి, పక్కన సేనాని, ఇద్దరికీ కలిపి ఒకే దానం, చావు గురించి ఒక్క మాట లేదు. ఆ శాసనం రాయి చెక్కినవాడి వైపు నుంచి ఎవరైనా కథ రాస్తే చదవాలని ఉంది.

మోటుపల్లి ఇంకొకటి. బాపట్ల జిల్లా తీరంలో ఉన్న ఆ ఊరు అప్పట్లో పెద్ద రేవు. 1244లో కాకతీయ రాజు గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించాడు. అంతకుముందు రాజులు గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవారట. తాను మాత్రం న్యాయమైన సుంకం తప్ప ఏదీ తీసుకోనని ఆయన మాటిచ్చాడు. గంధం, కర్పూరం, ముత్యాలు, పగడాలు, మిరియాలు, దేనికెంత సుంకమో అందులో రాసి ఉంది. ఈ శాసనం వేసిన కొత్తలో ఒక తుఫాను రాత్రి ఓడ ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చిందనుకోండి. తెల్లారేసరికి కర్పూరం పెట్టె ఒకటి మాయమైంది. రాజు మాట నిలబడాలంటే సుంకం అధికారి దొంగను పట్టుకోవాలి. ఊళ్లోవాళ్లకేమో తాతల నాటి నుంచి ఒడ్డున పడ్డ సరుకు రాజుదే, అందులో కాస్త తమది. చారిత్రకం, మిస్టరీ, సస్పెన్స్ మూడూ ఇందులోనే ఉన్నాయి. రాసేవాళ్లు ముందుకొస్తే చాలు.

చివరగా మీ వైపు నుంచి కావాల్సింది ఒకటుంది. ఒక్క పేజీలో కథ ముగించాలన్న నియమమే చాలా కథలను చెడగొడుతోందని నా అభిప్రాయం. ఆధారాలు పరచడానికి చోటు లేక రచయితలు అన్నీ ఆఖరి పేరాలో కుక్కుతున్నారు. మిస్టరీ కథను రెండు ఆదివారాలకు పంచండి. మొదటి వారం ఆధారాలన్నీ పాఠకుల ముందు పెట్టి ఆపండి. ఎవరు చేశారో, ఎందుకనుకుంటున్నారో కార్డు రాయమనండి, వాట్సాప్ నంబరైనా ఇవ్వండి. రెండో వారం ముగింపు పక్కనే బాగా ఆలోచించిన జవాబులు రెండో మూడో వేయండి, తప్పయినా సరే. రచయితలకు పాఠకులంటే కాస్త భయం పుడుతుంది. మా కాలనీ నుంచి మాత్రం ప్రతివారం జవాబు వస్తుందని నాదీ హామీ.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కోర్టు సూపరింటెండెంట్ (రిటైర్డ్),
హనుమకొండ.