పొడి చీపురు పట్టొద్దు తల్లీ

చి.ల.సౌ. చిన్నమ్మాయికి,

నాయన దీవెనలు. నెల్లూరులో తీసుకున్న కుండల స్టూడియో ఫొటోలు చూశాను. వెలుతురు బాగుంది, సారె తిప్పేందుకు చోటూ బాగుంది. కానీ అరల మీద పేరుకున్న ఆ తెల్ల దుమ్ము చూసినప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్. సోమవారం చీపురు తీసుకుని పోతానన్నావట, అమ్మ చెప్పింది. అక్కడ పొడి చీపురు పట్టకూడదమ్మా.

అది ఇంట్లో పడే దుమ్ము లాంటిది కాదు. బంకమన్నులో, గ్లేజు (కుండలకు మెరుపునిచ్చే పూత) పొడుల్లో సిలికా ఉంటుంది. మన సైదాపురం గనుల్లో తవ్వే తెల్లరాయి అంతా అదే. ఆ రాయిని పొడి కొట్టే మిల్లుల్లో పనిచేసినవాళ్లను నేనెరుగుదును. నలభై దాటకుండానే నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మొదట మామూలు దగ్గే అనుకున్నారు. అది సిలికోసిస్, ఈ దుమ్ము పీల్చడంవల్ల వచ్చే జబ్బు. అది వస్తే ఊపిరితిత్తులు మళ్లీ బాగుపడవు, పైగా టీబీ తొందరగా పట్టుకుంటుంది. ఒక్క రోజు ఊడిస్తేనే అంత అవుతుందని కాదు. నువ్వు రోజూ అక్కడే కూర్చుని పనిచేయబోతున్నావు. ఇప్పుడు సరిగా తీయకపోతే ఫ్యాను వేసినప్పుడల్లా లేస్తుంది. కంటికి కనిపించే దుమ్ము కాసేపటికి కింద పడుతుంది. 4 మైక్రాన్లకన్నా (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చిన్న రేణువులు కనపడకుండా గంటల తరబడి గాలిలో ఉంటాయి. ఊపిరితిత్తుల లోతుకు దిగేవి అవే.

అందుకని పనంతా తడి మీదే చెయ్యి. ముందు కరెంటు మెయిన్ ఆపు. పైనుంచి కిందికి రా: ఫ్యాను రెక్కలు, అరలు, కిటికీ చువ్వలు, చివరికి నేల. స్ప్రే బాటిల్‌తో సన్నగా నీళ్లు కొట్టి, దుమ్ము నానాక తడిగుడ్డతో తుడువు. గుడ్డ దులపకు, బకెట్లో జాడించు. నీళ్లు తెల్లబడగానే మార్చు, లేకపోతే ఆరాక ఆ దుమ్ము మళ్లీ నేల మీదే తేలుతుంది. బురదను సింకులో పోయొద్దు, పైపు పూడుకుపోతుంది. బకెట్ ఒక రాత్రి కదపకుండా ఉంచి, తేరిన నీళ్లు వంచేసి, అడుగు బురదను కవర్లో కట్టు. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్ మాత్రం తీసుకుపోకు, సన్న దుమ్మును వెనకనుంచి గదిలోకే ఊదేస్తుంది.

చున్నీ కట్టుకుంటే చాలదు. ఎన్95 మాస్కు పెట్టుకుని, ముక్కు మీద తీగ నొక్కి, పక్కలనుంచి గాలి రాకుండా చూసుకో. ఆ బట్టలతోనే ఇంటికొచ్చి బుజ్జిగాణ్ణి ఎత్తుకోవద్దు. అక్కడే మార్చుకుని, వాటిని విడిగా ఉతుకు.

పేరు లేని పాత గ్లేజు డబ్బాల మూతలు తీయకు. పాతకాలం గ్లేజుల్లో సీసం వాడేవాళ్లు. వాటిని పక్కన పెట్టి ఓనరును అడుగు. బట్టీ లోపల దూదిలా తెల్లగా కనిపించే పొరను గోకొద్దు, పీకొద్దు. ఆ పీచూ ఊపిరితిత్తులకు చేటే, బాగా పాత బట్టీ అయితే ఆస్బెస్టాస్ కూడా ఉండొచ్చు.

ఆదివారం సాయంత్రం బస్సుకు వస్తాను. మాస్కులు నాకూ కలిపి కొను. బట్టీ సంగతి తెలిసిన మనిషిని పిలిపించి చూపిద్దాం, అప్పటిదాకా దాని తలుపు తీయకు.

మీ నాయన