సోబా మామ్మకి, ఇంకా కొందరికి

నిన్న రాత్రే బరంపురం చేరాం. సూట్‌కేసులు ఇంకా విప్పలేదు. మా గుంటడు పక్కనే పడుకున్నాడు. పది నిమిషాలకోసారి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటున్నాను. నాకెలాగూ నిద్ర రాదు, ఇది రాసేస్తే కాస్త బరువు దిగుతుంది.

తమ్ముడు ట్రైనింగ్ మీద ఒసాకాలో ఉన్నాడు. సెలవులకి రమ్మంటే నేనూ పిల్లాడూ వెళ్ళాం. వీడికి రైళ్ళ పిచ్చి. కోరమండల్ వచ్చే వేళకి స్టేషనుకి తీసుకెళ్ళకపోతే అన్నం ముట్టడు. అలాంటివాడికి సుషీని బుల్లెట్ ట్రైన్ బొమ్మ మీద పెట్టి పంపే హోటలుందని తెలిశాక ఊరుకుంటాడా? ఆ రాత్రి తమ్ముడికి డ్యూటీ. ఇద్దరమే వెళ్ళాం.

బెల్టు మీద ప్లేట్లు తిరిగే సుషీ హోటళ్ళు 1958లో ఒసాకా వైపే మొదలయ్యాయట. మేం వెళ్ళినదాంట్లో తెర మీద కావలసింది నొక్కితే చిన్న తెల్ల రైలు దూసుకొచ్చి సరిగ్గా మన ముందే ఆగుతుంది. ప్లేటు తీసుకుని బటన్ నొక్కితే వెనక్కి పోతుంది. వాడు కీరదోస సుషీ, గుడ్డు సుషీ తెప్పించాడు. తిన్నది తక్కువ, రైలుకి టాటా చెప్పింది ఎక్కువ. చివర్లో బొమ్మ చూసి ఒక నూడుల్స్ గిన్నె నొక్కాడు. అది సోబా. ఉత్తరాదివాళ్ళు ఉపవాసాలకి తినే కుట్టు పిండి జాతిదే. మా ఇంట్లో అది ఎప్పుడూ వండింది లేదు, అది వీడికి పడదని తెలిసే దారీ లేదు.

నాలుగు ముద్దలు తిన్నాడో లేదో మెడ గోక్కోవడం మొదలుపెట్టాడు. చెమటకాయలేమో అనుకున్నాను. పక్క టేబుల్లో ఒంటరిగా తింటున్న ఒక పెద్దావిడ చటుక్కున లేచి వచ్చింది. అరవై దాటి ఉంటాయి. గిన్నె చూపించి "సోబా, సోబా" అంటూ రెండు చేతులూ అడ్డంగా గుణకారం గుర్తులా పెట్టింది. నాకు అర్థమయ్యేలోపే వాడి పెదాలు వాచిపోయాయి, గొంతు బొంగురుపోయింది. ఆవిడ కేకేసి హోటలువాళ్ళ చేత 119కి ఫోన్ చేయించింది.

అంబులెన్సు వెంటనే వచ్చింది, డబ్బులు కూడా అడగరు. కానీ ఎక్కాక కదలదే! ఏదో ఒక ఆసుపత్రి సరే అనేదాకా లోపలివాళ్ళు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. రెండు చోట్ల కాదన్నారు. ఆ కాసేపట్లో నేను మొక్కని దేవుడు లేడు, మా ఊరి అమ్మవారు ఠాకురాణికి ముడుపు కూడా కట్టేశాను. మూడోచోట ఒప్పుకున్నారు. వెళ్ళగానే తొడకి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. కాసేపటికి "అమ్మా, రైలేది?" అన్నాడు.

అప్పటికీ నేను ఏడవలేదు. గంట తర్వాత ఆవిడ టాక్సీలో వెతుక్కుంటూ వచ్చింది. నేను వదిలేసి వచ్చిన హ్యాండ్‌బ్యాగు, గొడుగు, ఒక కవరు తెచ్చింది. కవర్లో పిల్లాడి బూట్లు. బురద తుడిచి ఉన్నాయి. సాక్సులు తిరగేసి, సాపు చేసి, ఒక్కో బూట్లో ఒక్కోటి పెట్టి, లేసులు పువ్వుముడి వేసింది. అవి చూసి నేను ఆ వరండాలోనే కింద కూర్చుని ఏడ్చాను. ఆవిడ కూడా పక్కన కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు, వీపు మీద చెయ్యి వేసింది.

తర్వాత ఫోన్లో ఏదో టైప్ చేసి తెలుగులోకి మార్చి చూపించింది: "నా మనవడికి కూడా సోబా శత్రువు." ఏడుస్తూనే నవ్వొచ్చింది. హోటల్ బిల్లు కూడా తనే కట్టేసిందట. డబ్బులివ్వబోతే మళ్ళీ అదే అడ్డం చేతులు. నా బ్యాగులో మన బరంపురం అప్పడాల ప్యాకెట్ ఒకటుంటే ఇచ్చాను. రెండు చేతులా అందుకుని, నడుం వంచి దండం పెట్టింది. పేరైనా అడగలేదు నేను, బుద్ధి లేక. మావాడు సోబా మామ్మ అంటున్నాడు.

తమ్ముడు కార్డు గీకాడు, మా ఆయన ఇక్కడినుంచి రాత్రంతా ఫోన్లో ఉన్నారు, అత్తయ్య గుడికెళ్ళారు. వాళ్ళకి థాంక్స్ చెప్తే తిడతారు.

ఇక ట్రావెల్ ఇన్సూరెన్సు సంగతి. ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి. చివరికి దొరికినామె క్లెయిమ్ కుదరదంది, పేరు కలవడం లేదట! ఒడిశాలో పుట్టిన తెలుగువాళ్ళకి ఇది కొత్తా? మా ఇంటిపేరు ఒడియా కాగితంలో ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా, పాలసీలో ముందుది వెనక్కి. ఇప్పుడు ఆసుపత్రి బిల్లులో జపాన్ లిపిలో నాలుగో రకం. దాన్ని తర్జుమా చేయించి స్టాంపు వేయించుకు రమ్మంటున్నారు. బరంపురంలో జపనీస్ నోటరీని ఎక్కడ వెతకను?

అయ్యో, అసలు మనిషిని మర్చిపోయాను. అర్ధరాత్రి నలభై నిమిషాలు డాక్టరుకీ నాకూ మధ్య ఫోన్లో మాట కలిపిన గుంటూరు అబ్బాయి, తమ్ముడి ఫ్రెండు ఫ్రెండట, ముఖం కూడా చూడలేదు. బాబూ, నీకు చాలా థాంక్స్. గిన్నెలో ఏమేం వేశారో కాగితం మీద రాసి అంబులెన్సువాళ్ళకిచ్చిన హోటల్ పిల్లకి కూడా. విశాఖ ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చిన డ్రైవరు, పిల్లాడి కోసం దారిలో మూడుసార్లు బండి ఆపాడు, విసుక్కోలేదు. ఎదురింటి పిన్నిగారు పొద్దున్నే ఇడ్లీ పంపారు, ఆ గిన్నె ఇంకా తిరిగివ్వలేదు.

వీడు లేచాడు, మంచినీళ్ళడుగుతున్నాడు. ఉంటాను.