వార్షిక నివేదిక 2024–25: మన ఆర్సెనల్ నిజంగానే రౌడీ టీమా?

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో ఎన్ని స్క్రీనింగులు పెట్టాం, ఎంత చందా వచ్చింది, ఎంత ఖర్చయింది అని రాసి గ్రూపులో పడేస్తాం. దాన్ని చదివేది కోశాధికారి, ఆయన మీద అనుమానం ఉన్న మరో ఇద్దరు, అంతే. ఈసారి ఆ సంగతులు చివర్లో పొట్టిగా చెప్తాను. లండన్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్‌కి హైదరాబాద్‌లో ఉన్న మన అభిమానుల సంఘం ఈ సీజన్ మొత్తం గొంతు చించుకున్నది ఒకే విషయం మీద: రౌడీ టీమ్ అని మనవాళ్లకి పడిన చెడ్డపేరు న్యాయమైనదా కాదా. కాబట్టి నివేదికలో ఎక్కువ భాగం దానికే పోతుంది, ముందే చెప్తున్నాను.

మొదలైంది ఆగస్టు 31న, బ్రైటన్ మ్యాచ్‌తో. మనకు సాయంత్రం ఐదింటి ఆట, శనివారం, పిల్లల్ని కూడా తీసుకొచ్చారు, సమోసాలు సరిపోలేదు. మనం ఒక గోల్ ఆధిక్యంలో ఉన్నాం. రెండో సగం మొదలైన కాసేపటికే బ్రైటన్‌కి ఫ్రీకిక్ వచ్చింది, అప్పటికే ఒక ఎల్లో కార్డు ఉన్న మన డెక్లన్ రైస్ ఆ బంతిని కాలితో అలా మెల్లగా పక్కకు నెట్టాడు, వెల్ట్‌మన్ బంతిని తన్నబోయి రైస్ కాలిని తన్నాడు, రిఫరీ క్రిస్ కావనా వచ్చి రైస్‌కి రెండో ఎల్లో చూపించి బయటికి పంపాడు, రెండు ఎల్లోలు పడితే రెడ్ కిందే లెక్క. రైస్ కెరీర్‌లో అదే మొదటి రెడ్ కార్డు. బంతి కదిలింది ఎంత దూరమో మనవాడొకడు టీవీ దగ్గరికెళ్లి తెర మీద జానలు పెట్టి కొలిచి మరీ చూపించాడు. అదే మ్యాచ్‌లో బ్రైటన్ ఆటగాడు జోవో పెడ్రో బంతిని అంతకంటే చాలా దూరం తన్నేశాడు, అతనికి కార్డు లేదు. పైగా మన మీద గోల్ కొట్టి 1-1 చేసింది కూడా అతనే! ఆ రోజు కడుపు మండనివాడు లేడు.

మూడు వారాలకు మాంచెస్టర్ సిటీ మైదానంలో మళ్లీ అదే కథ. 2-1తో ముందున్నాం, మొదటి సగం అయిపోవస్తోంది, మన ట్రోసార్డ్ సిటీ ఆటగాడు బెర్నార్డో సిల్వాని గుద్ది, విజిల్ పడ్డాక బంతిని తన్నేశాడు. రెండో ఎల్లో, బయటికి. రెండో సగమంతా పదిమందితో గోడ కట్టి నిలబడ్డాం గానీ ఆఖర్లో కలిపిన నిమిషాల్లో సిటీ డిఫెండర్ స్టోన్స్ గోల్ కొట్టి 2-2 చేసేశాడు. లీగ్‌లో ఐదు మ్యాచ్‌లకే రెండు రెడ్ కార్డులు, రెండూ బంతిని తన్నేసినందుకే.

ఆ రాత్రి ఒక సభ్యురాలు గట్టిగానే అడిగింది. “కార్డు పడిన ప్రతిసారీ రిఫరీని తిట్టుకుంటూ ఇంటికెళ్లడమేనా మన పని? ఒక్కో కార్డునీ రూల్ పక్కన పెట్టి చూద్దాం, తప్పు ఎవరిదో చేతులెత్తి తేలుద్దాం” అంది. సరే అన్నాం. స్కూల్, కాలేజీ మ్యాచ్‌లకు రిఫరీగా వెళ్లే అన్న ఒకాయన మనలో ఉన్నారు, ఆయన ఆట నిబంధనలు చదివి వినిపిస్తారు, ఆ ముక్క వీడియో మామూలు స్పీడులో ఒకసారి, స్లోగా ఒకసారి చూస్తాం, తర్వాత ఓటింగ్. స్లో మోషన్‌లో ప్రతి తాకిడీ హత్యాయత్నంలా కనిపిస్తుంది కాబట్టి మామూలు స్పీడే ముందు చూడాలని ఆయన పట్టుబట్టారు.

సీజన్ ముగిసేసరికి ప్రీమియర్ లీగ్‌లో మనకు ఆరు రెడ్ కార్డులయ్యాయి, ఆ ఏడు మరే టీమ్‌కీ అన్ని పడలేదు. రైస్, ట్రోసార్డ్ గురించి చెప్పాను. రూల్ ప్రకారం రెండూ కార్డులే, ఆటను మళ్లీ మొదలుపెట్టనివ్వకుండా ఆలస్యం చేస్తే ఎల్లో అని పన్నెండో నిబంధనలో స్పష్టంగా ఉంది, “కొంచెమే తన్నాడు కదా” అనే మినహాయింపు అందులో ఎక్కడా లేదు. అవతలివాళ్లకు ఇవ్వలేదు అన్నది నిజమే, అది రిఫరీ లోపం, కానీ దానివల్ల రైస్ చేసిన పని ఒప్పయిపోదు. ఓటింగ్‌లో రైస్ విషయంలో సభ దాదాపు సగానికి సగం చీలింది. ట్రోసార్డ్ తరఫున మాత్రం ఇద్దరు ముగ్గురు తప్ప చెయ్యెత్తలేదు. కళ్లముందే రైస్‌కి అలా జరిగాక కూడా అదే పని చేస్తే ఏమంటాం?

మూడోది అక్టోబర్ 19, బోర్న్‌మౌత్‌లో. ట్రోసార్డ్ వెనక్కి వేసిన చెత్త పాస్ బోర్న్‌మౌత్ ఆటగాడు ఎవానిల్సన్‌కి దారి చూపించింది, మన డిఫెండర్ సలీబా అతన్ని లాగి పడేశాడు. రిఫరీ మొదట ఎల్లోతో వదిలేసినా వీఏఆర్ వాళ్లు, అంటే వీడియో చూసి రిఫరీకి చెప్పేవాళ్లు, పిలిచి రెడ్ చేయించారు. దీని మీద చాలాసేపు చర్చ సాగింది, ఎందుకంటే అది మైదానం మధ్య గీతకు దగ్గర్లో జరిగిన ఫౌల్. స్పష్టమైన గోల్ అవకాశాన్ని ఆపితేనే రెడ్ కాబట్టి, దాన్ని తేల్చడానికి రిఫరీ అన్న నాలుగు కొలతలు చెప్పారు: గోల్ ఎంత దూరం, ఆట ఎటు పోతోంది, బంతి అతనికి అందుతుందా, అడ్డుకోగల డిఫెండర్లు ఇంకెందరు, ఎక్కడ ఉన్నారు. మన ఇంకో డిఫెండర్ బెన్ వైట్ అందుకునేవాడా లేదా అన్న దగ్గర ఆగిపోయాం. చివరికి ఎక్కువమంది రెడ్ సరైనదే అన్నారు, నేనూ అన్నాను. అక్కడ 2-0తో ఓడాం, తర్వాతి లీగ్ మ్యాచ్ లివర్‌పూల్‌తో, సలీబా నిషేధంలో ఉన్నాడు, 2-2.

నాలుగోది జనవరి 25, వుల్వ్స్ దగ్గర. మన పద్దెనిమిదేళ్ల మైల్స్ లూయిస్-స్కెల్లీ, వుల్వ్స్ ఆటగాడు డోహర్టీ కాలికి అడ్డం పెట్టి పడేశాడు. మామూలు ఎల్లో ఫౌల్, మన పిల్లల మ్యాచ్‌ల్లో వారానికి పది జరుగుతాయి. రిఫరీ మైఖేల్ ఆలివర్ ఏకంగా రెడ్ ఇచ్చాడు, వీఏఆర్ కూడా తలూపింది. పదిమందితోనే ఆడి కలాఫియోరి గోల్‌తో 1-0 గెలిచాం, అవతలివాళ్లకు కూడా ఒక రెడ్ పడిందిలెండి. క్లబ్ అప్పీలు చేస్తే కమిషన్ ఆ కార్డును కొట్టేసి మూడు మ్యాచ్‌ల నిషేధం ఎత్తేసింది. ఫిబ్రవరి 22న వెస్ట్ హామ్ మీద అదే కుర్రాడు కుదుస్‌ని వెనక నుంచి ఆపి మళ్లీ బయటికెళ్లాడు, ఇది మాత్రం న్యాయమైనదే, అప్పటికే 1-0 వెనకబడి ఉన్నాం, అలాగే ఓడాం. ఆఖరిది మే 11న లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో మన మెరీనో, 2-2 చేసే గోల్ తనే కొట్టి, కాసేపటికి రెండో ఎల్లోతో వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆరింటినీ వరసగా పెట్టి చూడండి. రెండు బంతి తన్నినవి, రెండు గోల్ అవకాశం ఆపినవి, ఒకటేమో మామూలుగా రెండు ఎల్లోలు కలిసి రెడ్ అయినది. ఎదుటివాడి కాలు విరగ్గొట్టేలా వెళ్లాడని ఇచ్చిన రెడ్ కార్డు ఒకే ఒక్కటి, అదీ వుల్వ్స్ మ్యాచ్‌ది, దాన్నే కొట్టేశారు. అంటే రౌడీ టీమ్ అనడానికి ఆధారం లేదు. బుద్ధిలేని టీమ్ అనడానికి మాత్రం బోలెడుంది! ఈ ఆరు మ్యాచ్‌ల్లో మనకు దక్కింది పద్దెనిమిది పాయింట్లకు ఆరు. లివర్‌పూల్ 84తో కప్పు ఎత్తుకుపోయింది, మనం 74 దగ్గర ఆగిపోయాం. కార్డులు పడకపోతే కప్పు మనదే అని నేను అనను, గాయాలు, గోల్స్ కొట్టేవాడు లేకపోవడం, పధ్నాలుగు డ్రాలు, ఇంకా చాలా ఉన్నాయి. కానీ బ్రైటన్, సిటీ మ్యాచ్‌ల్లో పాయింట్లను మాత్రం చేజేతులా పారేసుకున్నాం. ప్రతిదానికీ రిఫరీని అనడం ఆడలేక మద్దెల ఓడన్నట్టే.

పేరు ఒక్క సీజన్‌లో పడింది కాదని పాత సభ్యులు గుర్తుచేశారు, అదీ నిజమే. 1990 అక్టోబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఇరుజట్లవాళ్లూ కలబడ్డారు, రిఫరీ ఎవర్నీ బయటికి పంపలేదు గానీ ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఎఫ్ఏ మనకు రెండు పాయింట్లు, యునైటెడ్‌కి ఒకటి కోసేసింది. మనకు ఒకటి ఎక్కువ ఎందుకంటే అంతకు ముందు ఏడాదే నార్విచ్‌తో ఇలాంటి గొడవ ఉంది. ఆ కోత పోయినా ఆ సీజన్‌లో ఒకే ఒక్క ఓటమితో ఛాంపియన్లయ్యాం. తర్వాత మేనేజర్ వెంగర్ రోజులు. ఆయన వచ్చిన ఏడేళ్లకే రెడ్ కార్డులు 50 దాటాయి, మన కెప్టెన్ పాట్రిక్ వియెరా ఒక్కడికే ప్రీమియర్ లీగ్‌లో ఎనిమిది. ప్రెస్ వాళ్లు అడిగితే వెంగర్ “నేను చూడలేదు” అనేవాడు, మా కాలేజీ వార్డెన్ కూడా మా మెస్ గొడవల్లో అచ్చం అలాగే అనేవాడు. 2003 సెప్టెంబర్ 21న మళ్లీ ఓల్డ్ ట్రాఫర్డ్, వియెరాకి రెడ్, యునైటెడ్ ఆటగాడు వాన్ నిస్టల్‌రాయ్ ఆఖర్లో పెనాల్టీ బార్‌కి కొట్టడం, మన డిఫెండర్ కియోన్ అతని మీదికి ఎగిరి అరవడం, ఆ ఫొటో మీలో కొందరి ఇళ్లల్లో ఫ్రేములో ఉందని నాకు తెలుసు. క్లబ్‌కి 1,75,000 పౌండ్ల జరిమానా, మన లారెన్‌కి నాలుగు మ్యాచ్‌ల నిషేధం, కియోన్‌కి మూడు.

ఆ ఫ్రేము పెట్టుకున్నవాళ్లు ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అదే 2003-04లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడకుండా, 26 గెలిచి 12 డ్రా చేసిన ఆ టీమే చివరికి ఫెయిర్ ప్లే పట్టికలో, అంటే పద్ధతిగా ఆడిన టీమ్‌ల లెక్కలో, మొదటి స్థానంలో నిలిచింది. సెప్టెంబర్‌లో రౌడీలు, మేలో పెద్దమనుషులు. జనానికి గుర్తుండేది మాత్రం కియోన్ మొహమే.

ఇంకో ఆరోపణ ఉంది, దీనికి నా దగ్గర జవాబు లేదు: టైమ్ తినడం, గోల్‌కీపర్ నొప్పి అని కూర్చోవడం, అదంతా. సిటీ మ్యాచ్‌లో లూయిస్-స్కెల్లీ ఇంకా మైదానంలోకే రాలేదు, బెంచి మీది కుర్రాడు, మన గోల్‌కీపర్ రాయాని కిందపడమని సైగ చేశాడని ఎల్లో కార్డు తెచ్చుకున్నాడు. లీగ్‌లో అరంగేట్రానికి ముందే కార్డు! ఆరోజు నవ్వుకున్నాం గానీ, దీన్ని ఎదుటివాళ్లు మోసం అంటే కాదనలేం. స్టోన్స్ తర్వాత మాట్లాడుతూ దాన్ని తెలివి అనుకోండి, మురికి ఆట అనుకోండి, మీ ఇష్టం అన్నట్టు తేల్చేశాడు. మనం గెలుస్తుంటే అది తెలివి, మన మీద ఎవరైనా చేస్తే మురికి, నిజాయితీగా చెప్పండి అంతేనా కాదా?

దీని ప్రభావం మన సభ్యులు ఐదుగురేసి టీమ్‌లుగా ఆడే ఫైవ్స్ టోర్నీ మీద కూడా పడింది. మియాపూర్ వైపు టర్ఫ్‌లో జరిగిన ఈ ఏటి టోర్నీలో విజిల్ తర్వాత బంతి తన్నితే రెండు నిమిషాలు బయట కూర్చోవాలని రూల్ పెట్టాం. మొదట బయట కూర్చున్నది మన కోశాధికారిగారే, వాటర్ క్యాన్ పక్కన మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఆ రెండు నిమిషాలూ టైమ్ కీపర్‌తో వాదిస్తూనే ఉన్నారు, ఆయన వచ్చేలోపు వాళ్ల టీమ్ రెండు గోల్స్ తిన్నది. సాయంత్రానికి బంతిని ముట్టుకునేవాడు లేడు. రూల్ వచ్చే ఏడు కూడా ఉంటుంది.

ఒక కఠినమైన నిర్ణయం కూడా తీసుకున్నాం. వుల్వ్స్ మ్యాచ్ తర్వాత ఆలివర్‌కి బెదిరింపులు వెళ్లాయి, పోలీసుల దాకా పోయింది. మన గ్రూపులో అంత దూరం ఎవరూ పోలేదు గానీ, ఆయన కుటుంబాన్ని కలిపి రాసిన మెసేజ్ ఒకటి వచ్చింది, కమిటీ తీసేసింది, రాసినవాళ్లని సీజన్ చివరిదాకా గ్రూపు నుంచి తప్పించింది. ఇకముందు నిర్ణయాన్ని ఎంతైనా తిట్టండి, మనిషిని తిడితే గ్రూపులో ఉండరు.

మిగతావి. సభ్యత్వం నిరుటి కంటే పెరిగింది, ముఖ్యంగా ఏప్రిల్‌లో ఛాంపియన్స్ లీగ్‌లో రియల్ మాడ్రిడ్‌ని ఇంటా బయటా ఓడించాక, రైస్ రెండు ఫ్రీకిక్కుల తర్వాత చేరినవాళ్లు ఎక్కువ, వాళ్లు పీఎస్‌జీ చేతిలో సెమీస్ ఓడాక కూడా ఉన్నందుకు సంతోషం. ఆ మ్యాచ్‌లు మనకు రాత్రి పన్నెండున్నరకు కాబట్టి ఒక సభ్యుడి అపార్ట్‌మెంట్‌లో చూశాం, కింది ఫ్లాటువాళ్లు సొసైటీకి ఫిర్యాదు చేశారు, ఆ చెడ్డపేరు మాత్రం పూర్తిగా న్యాయమైనదే. కొత్త చోటు వెతుకుతున్నాం, తెలిసినవాళ్లు చెప్పండి. లెక్కల పుస్తకం, బిల్లులు గ్రూపులో పెట్టాం, ప్రొజెక్టర్ రిపేరు ఖర్చే ఈసారి బాగా తగిలింది.

కొత్త సీజన్ మొదటి మ్యాచ్ ఆగస్టు 17, ఆదివారం రాత్రి తొమ్మిదింటికి, ఓల్డ్ ట్రాఫర్డ్‌లోనే. సర్వసభ్య సమావేశం అదే రోజు ఆరింటికి పెడుతున్నాం, కొత్త కమిటీ ఎన్నిక అయ్యాకే స్క్రీనింగ్. భోజనం కావాల్సినవాళ్లు శుక్రవారంలోగా పేరు ఇవ్వండి, శనివారం రాత్రి మెసేజ్ పెడితే బిర్యానీ పెరగదు.

ఇట్లు,
కార్యదర్శి