నక్షత్రధూళికీ కాస్త చోటివ్వండి

సంపాదకులకు,

రాకెట్ ఎగిరిన రోజు మొదటి పేజీ మొత్తం ఇస్తారు, సంతోషమే, కానీ ల్యాబ్‌లో కూర్చుని నక్షత్రధూళిని పరీక్షించేవాళ్ల గురించి నాలుగు లైన్లు కూడా రావట్లేదు. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ దగ్గర పడిన ఉల్కాశిల ముక్కల్ని పొడి చేసి ఆసిడ్లలో కరిగిస్తే, చివరికి మిగిలే వాటిలో మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో) కొలిచే సిలికాన్ కార్బైడ్ రేణువులుంటాయి. వాటిలో కార్బన్-12, కార్బన్-13 అనే ఐసోటోపుల (ఒకే మూలకానికి చెందినా బరువులో తేడా ఉన్న పరమాణువుల) నిష్పత్తి మన సౌరకుటుంబంలోని దానితో కలవదు, అంటే అవి వేరే నక్షత్రాల దగ్గర పుట్టినవన్నమాట, నక్షత్రధూళి అంటే ఇదే. కొన్నింటి వయసు దాదాపు 700 కోట్ల ఏళ్లుంటుందని 2020లో అంచనా కట్టారు, మన సూర్యుడిదేమో 460 కోట్లే! ఐసోటోపులంటే ఇక్కడి ఇంటర్ పిల్లలకు ఎప్‌సెట్ (పాత ఎంసెట్) బిట్టు మాత్రమే, పాపం. ఆదివారం సంచికలో ఈ పరిశోధన గురించి ఫొటోలతో ఒక పేజీ వెయ్యండి.

- ఒక పాఠకుడు, తార్నాక, హైదరాబాద్