చెరువుకు నాలుగు వైపులా గోడ వద్దు

సంపాదకులకు నమస్కారం.

విజయనగరం జిల్లా పల్లెల్లో చెరువు బాగుచేయడమంటే పూడిక తీసి, చుట్టూ నిలువు సిమెంటు గోడ కట్టి, పైన నడకదారి వేయడమన్నట్టు తయారైంది. మా ఊరి చెరువుకూ నిరుడు అదే చేశారు. గట్టు గట్టిపడింది, పొద్దున్నే నడిచేవాళ్లకు సుఖంగా ఉంది, కాదనను. కానీ ఆ గోడ కప్పల ఉసురు తీస్తోంది.

తొలకరికి కప్పలు అంచున ఉండే లోతులేని నీళ్లలో గుడ్లు పెడతాయి. తోకకప్పలకు కాళ్లొచ్చి, తోక పోయి, ఒడ్డెక్కే నాటికి చాలావాటి ఒళ్లు సెంటీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. ఈ శ్రావణంలో చూశాను. కందిగింజంత నల్లటి పిల్లలు గుంపులుగా గోడ మీద జానెడు పాకి మళ్లీ జారిపోతున్నాయి. మధ్యాహ్నానికి చాలావరకు సిమెంటుకే అతుక్కుని ఎండిపోయాయి.

హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల్లో గార్డినర్ కప్ప అని ఉంది. ఎదిగినా సుమారు 11 మిల్లీమీటర్లే, అంటే మన చెరువులోంచి అప్పుడే బయటపడ్డ పిల్లంత. అంత చిన్న ప్రాణికి చెరువుతో పనే లేదు. తడి నేల మీద గుడ్లు పెడితే, వాటిలోంచి నేరుగా కప్పపిల్లలే వస్తాయి. మన చెరువు కప్పలకు ఆ వెసులుబాటు లేదు. నీళ్లలో పుట్టాలి, గట్టెక్కితేనే బతకాలి.

కప్పలు పోతే చేలో పురుగు పెరుగుతుందని రైతుకు వేరే చెప్పక్కర్లేదు. కప్ప కాళ్ల ఎగుమతిని కేంద్రం 1987లోనే నిషేధించింది. వానలు మొహం చాటేస్తే కప్పను రోకలికి కట్టి ఇంటింటా నీళ్లు పోయించుకునే ఆచారం ఉన్నవాళ్లం, దాని దారికి గోడ కడతామా?

గోడలే వద్దని అనడం లేదు. పొలాల వైపు ఒక్క పక్కనైనా ఏటవాలు మట్టిగట్టు, దాని మీద గడ్డి ఉంచాలి. ఇప్పటికే కట్టినచోట అక్కడక్కడా నీళ్లలోంచి గోడ పైదాకా రాళ్లూ మట్టీ వాలుగా పోయించాలి. పెద్ద ఖర్చేమీ కాదు. చిన్న బందలను, అంటే నీటి కుంటలను, పూడ్చి స్థలాలు చేయడం ఆపాలి. వచ్చే తొలకరిలోగా ఈ పని జరిగేలా పంచాయతీలు, చెరువు పనుల అంచనాలు వేసే ఇంజినీర్లు చొరవ చూపాలని కోరుతున్నాను.

ఒక పాఠకుడు,
బొబ్బిలి మండలం, విజయనగరం జిల్లా